మనిషిని కోటుతో కొలువదగునా?

వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు జూన్ మాసములో ములుగు పట్టణమందలి దర్జీ దుకాణములకు తీరిక యుండదు. మెడలో టేపు వ్రేలాడుచుండగా దర్జీ ఒక్కొక్క బాలుని నిలువబెట్టి, భుజమునుండి భుజమునకు, మెడనుండి నడుమునకు, భుజమునుండి మణికట్టునకు కొలతలు తీసి అంకెలు వ్రాసికొనును. పిల్లవాడు ఎదుగుచున్నాడు గనుక రెండంగుళములు వదులుగా కుట్టుమని ఒక తండ్రి కోరును. బడివారు చెప్పిన టై, కోటు ఎక్కడ దొరకునని వేరొక తండ్రి అడుగును. మొదటివాని మాట గుడ్డకు సంబంధించినది. రెండవవాని ప్రశ్న వెనుక మూడున్నర శతాబ్దముల ప్రపంచ చరిత్ర కలదు.

‘సూటూ బూటూ’ అను జంటమాట తెలుగువారి నోట రెండు విధములుగా పలుకును. పట్టణమునుండి వచ్చిన అల్లుని గూర్చి చెప్పునపుడు అందు గౌరవము ధ్వనించును. పనిపాటలు లేక తిరుగువానిని గూర్చి చెప్పునపుడు అందే ఎగతాళి ధ్వనించును. సూటు నాగరకతకు గుర్తని కొందరందురు. బానిసత్వమునకు గుర్తని మరికొందరందురు. ఈ యుభయులును ఆ ఉడుపు ఎట్లు పుట్టినదో, ఎవరి చేతులు మారి ఇంతదూరము వచ్చినదో విచారింపకయే తీర్పు చెప్పుచున్నారు. ఆ చరిత్ర ఉపాధ్యాయులకును విద్యార్థులకును తెలియవలసినది. ఏలయనగా, ప్రతిదినము బడి వాకిట నిలుచు ఒక ప్రశ్నకు అందు సమాధానము కలదు. బాలుని కొలతనుబట్టి కోటు కుట్టవలెనా, కోటునుబట్టి బాలుని కొలువవలెనా?

ఈ విచారణకు ములుగు జిల్లాలోనే మంచి ఆరంభస్థానము కలదు. పాలంపేటలోని రామప్ప దేవాలయమును కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించినట్లు అచటి శాసనము తెలుపుచున్నది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ గుడి గోడలపైని నర్తకులను, వాద్యకారులను, మదనికలను పరికించిన విద్యార్థి, నాటి వస్త్రధారణము ప్రధానముగా కట్టుకొనునది, చుట్టుకొనునది అని గ్రహింపగలడు. ఎత్తుమడమల పాదరక్షలు తొడిగిన స్త్రీమూర్తి యొకటి అందు సందర్శకుల నాకర్షించును గాని, కోటు తొడిగిన పురుషమూర్తి కానరాదు.

ఆ శతాబ్దము చివరి భాగమున దక్షిణ భారతమునకు వచ్చిన వెనిసు యాత్రికుడు మార్కో పోలో ఈ విషయమునే వింతగా చెప్పుకొనెను. తమిళ తీరమున దర్జీయే లేడనియు, కోటు కత్తిరించువాడుగాని కుట్టువాడుగాని అచటివారికి అక్కరలేదనియు అతడు వ్రాసెను. కాని ఆ యాత్రికుడే కాకతీయుల రేవుపట్టణమైన మోటుపల్లిని గూర్చి చెప్పునపుడు, అచటి సన్నని వస్త్రములను సాలెగూటి దారములతో పోల్చి కొనియాడెను. అనగా దర్జీ లేకుండుట వస్త్రవిద్య లేకుండుట కాదు. నేతగాడు మగ్గముపైననే పని ముగించెడివాడు. కత్తెరకు మిగిలిన పని స్వల్పము.

ఇచట రెండు విద్యల నడుమ ఒక భేదము గమనింపవలెను. చుట్టుకొను వస్త్రమునకు దేహపు కొలత అక్కరలేదు. తండ్రి ధోవతిని కొడుకు కట్టవచ్చును. బక్కవాడు రెండు కుచ్చెళ్లు ఎక్కువ పెట్టును. లావుపాటివాడు తక్కువ పెట్టును. కుట్టిన ఉడుపు అట్టిది కాదు. అది ఒక్క దేహమునకై పుట్టినది. దాని గుణమును, దోషమును రెండును అందే యున్నవి. సరిపోయినచో అంత సౌకర్యమైనది వేరొకటి లేదు. సరిపోనిచో అంత బాధాకరమైనది మరియొకటి లేదు.

దేహమునకు అతుకునట్లు గుడ్డను కత్తిరించి కుట్టు విద్య ఐరోపాలో క్రీ. శ. 14వ శతాబ్దమున వికసించెను. యుద్ధవీరులు ఇనుపకవచముల క్రింద ఒరిపిడి తగులకుండ దూదితో గాని పీచుతో గాని దట్టించిన బిగువైన అంగీలు తొడిగెడివారు. లండను దర్జీల సంఘము 1327లో రాజశాసనము పొందినది. ఆ సంఘము దర్జీలకే గాక కవచముల క్రింది మెత్తని అంగీలు కుట్టువారికిని చెందినది. నేటి కోటు భుజమునందలి దట్టింపునకును, నాటి యోధుని అంగీకిని బంధుత్వము కలదు. భుజములు వెడల్పుగను నడుము సన్నముగను కనబడవలెనను కోరిక యుద్ధరంగమునుండి రాజసభకు వచ్చినది.

అయినను నేడు సూటు అనబడునది యోధుని వేషము కాదు. దాని జన్మసంవత్సరము చెప్పుమన్నచో చరిత్రకారులు చాలమంది 1666ను చూపుదురు. లండను నగరము 1665లో మహామారి వాతబడినది. మరుసటి యేడు సెప్టెంబరులో అగ్నిప్రమాదము నగరములో పెద్దభాగమును బూడిద చేసినది. రాజసభలో మాత్రము పురుషులు లేసులు, రిబ్బనులు, పట్టు కుచ్చులు ధరించి తిరుగుచుండిరి. ఆ యక్టోబరులో రెండవ చార్లెసు రాజు తాను ఇకమీదట ‘వెస్టు’ అను పొడుగు అంగీని ధరింతునని ప్రకటించెను. దానిపై కోటు, క్రింద మోకాళ్లవరకు లాగు. ఈ సంగతిని సామ్యూలు పీప్స్, జాన్ ఈవ్లిన్ అను ఇరువురు తమ దినచర్యలలో వ్రాసికొనిరి. ఆ అంగీ పారసీక పద్ధతిలో నున్నదని ఈవ్లిన్ వ్రాసెను. కోటు, లోని అంగీ, లాగు అను మూడు భాగముల సూటునకు ఇది మొదటి రూపము. పాశ్చాత్య పురుషవేషమునకు మూలమని యెంచబడు ఉడుపులో, నాటివారి కన్నులకే పారసీకచ్ఛాయ కనబడినదని దీనివలన తేలుచున్నది. సూటును శుద్ధ పాశ్చాత్యమని పూజించువారును, శుద్ధ పాశ్చాత్యమని నిందించువారును ఈ ఒక్క వాక్యమును చదువవలసినవారే.

ఆ వేషమును చూచి ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ తన సేవకులకెల్ల వెస్టులు తొడిగించెనని పీప్స్ దినచర్యలో ఒక కథ కలదు. ఒక రాజు గౌరవమని యెంచిన ఉడుపును వేరొక రాజు అవమానించుటకు వాడెనన్నమాట. గుడ్డ ఒకటే, అర్థము మారినది. అర్థము గుడ్డలో లేదు, చూచువాని బుద్ధిలో నున్నది.

సూటు చరిత్రలో రెండవ మలుపు ఫ్రెంచి విప్లవము. 1789లో వెర్సాయిలో ప్రతినిధుల సభ కూడినపుడు, ప్రభువర్గమువారు జరీపనిగల దుస్తులలో రావలెననియు, సామాన్యవర్గపు ప్రతినిధులు నల్లని సాదా దుస్తులలో రావలెననియు నియమించిరి. తక్కువవారిని తక్కువగా చూపుటకు ఏర్పరచిన నియమమది. కాని ప్రజలు ఆ నల్లబట్టలవారినే జయజయధ్వానములతో ఆదరించిరి. అవమానముగా నిచ్చిన నలుపు గౌరవచిహ్న మయ్యెను. తరువాతి శతాబ్దములో న్యాయవాదులు, వైద్యులు, వర్తకులు, ఆచార్యులు ఆ నలుపునే ధరించిరి. 1793 అక్టోబరు 29న ఫ్రెంచి జాతీయ సభ, ఏ పౌరుని గాని పౌరురాలిని గాని ఫలానా వేషమే ధరింపుమని ఎవరును నిర్బంధింపరాదని శాసనము చేసెను. ఆ శాసనమునకు మినహాయింపులుండెను. విప్లవప్రభుత్వము దానిని ఎల్లవేళల పాటింపలేదు. అయినను వేషము పౌరుని స్వాతంత్ర్యములో ఒక భాగమను తలంపు నాడు చట్టరూపము దాల్చినది.

మూడవ మలుపు ఇంగ్లాండులో జరిగెను. జార్జి బ్రమ్మెల్ (1778–1840) అను వ్యక్తికి రాజవంశము లేదు. జరీని, సువాసనద్రవ్యములను విడిచి, ముదురురంగు ఉన్నికోటు, తెల్లని మెడగుడ్డ, పొడుగు పంట్లాము, నిత్యస్నానము అను వానితో అతడు లండను ప్రభువర్గమునకు మార్గదర్శి యయ్యెను. విలువ అలంకారములో లేదు, కత్తిరింపులో నున్నది అనుట అతని సిద్ధాంతము. ఆ సిద్ధాంతములో సమానత్వపు బీజము కలదు; డాంబికపు బీజమును కలదు. జరీలేని కోటును ఎవరైనను ధరింపవచ్చును గాని, ఎవరి దర్జీ మేలైనవాడు అను పోటీ అప్పుడే పుట్టినది. బ్రమ్మెల్ అప్పులపాలై 1816లో ఫ్రాన్సునకు పారిపోయి, తుదకు మతి చెడి అచటనే మరణించెను. వేషముపైననే జీవితమును నిలిపినవాని చరిత్ర అట్లు ముగిసినది.

నేడు సూటు అనబడు పొట్టికోటు, అదే గుడ్డతో కుట్టిన పంట్లాము 19వ శతాబ్దపు మధ్యభాగమున వాడుకలోనికి వచ్చినవి. సూటు అను మాట ‘అనుసరించుట’ అను అర్థముగల ఫ్రెంచి ధాతువునుండి వచ్చినది. ఒకదానినొకటి అనుసరించు ఉడుపులని దాని భావము. పొట్టికోటు ఆరంభములో విశ్రాంతివేళ తొడుగుకొనునది; పొడుగుకోటు పెద్దమనుష్యుల వేషము. ఒక తరములో తేలికయైనది తరువాతి తరములో గంభీరమైనది. కోటు వెనుక చీలిక గుఱ్ఱపు స్వారి చేయువాని సౌకర్యమునకు ఏర్పడినది. మడత మెడపట్టీ పైనున్న ఒంటికాజా, చలిగాలి వీచునపుడు ఆ పట్టీని మూసి గుండీ పెట్టుకొనుటకు ఏర్పడినది. గుఱ్ఱము పోయినను చీలిక పోలేదు. చలి లేని దేశమునందును కాజా పోలేదు.

ఈ మార్పునకు యంత్రమును తోడ్పడినది. ఫ్రెంచి దర్జీ తిమోనియే 1830లో కుట్టుమిషనుకు హక్కుపత్రము పొందగా, తమ జీవనము పోవునను భయముతో పారిస్ దర్జీలు మరుసటి యేడు అతని మిషనులను విరుగగొట్టిరి. అమెరికాలో ఎలియాస్ హౌ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను హక్కుపత్రములు పొందిరి. సింగర్ పేరు తెలుగు పల్లెల అరుగులమీదికి కూడ వచ్చినది. తెలంగాణములో తరతరములుగా కుట్టుపని చేయు మేర కులమువారు సూదిదారమునుండి కాలిమిషనుకు మారిరి. నేడు సిద్ధముగా కుట్టిన దుస్తులు అంగడులను నింపుచుండగా ఆ వృత్తి మరల పరీక్షకు గురియైనది.

కుట్టిన ఉడుపు తెలుగునాటికి ఇంగ్లీషువారితోనే రాలేదు. తెలుగు నిఘంటువే ఇందులకు సాక్షి. దర్జీ, పైజామా, రుమాలు, ఖాకీ, అస్తరు అను మాటలు పారసీకమునుండి వచ్చినవి. జేబు, కమీజు అను మాటలు అరబ్బీనుండి వచ్చినవి. కోటు, పంట్లాము ఇంగ్లీషునుండి వచ్చినవి. పైజామా ఇచటినుండి ఇంగ్లీషులోనికి పోయినది. ఒక సామాన్యుని దండెముమీది బట్టలలో మూడు భాషల మాటలు ఆరుచుండగా, ఏది స్వదేశి ఏది విదేశి అని గీత గీయుట సులభము కాదు.

హైదరాబాదు చరిత్ర ఈ సంగతిని మరింత స్పష్టము చేయును. 1798 నుండి 1805 వరకు అచట ఇంగ్లీషు రెసిడెంటుగా నున్న జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభువుల వేషము ధరించి, ఖైరున్నిసాను పెండ్లాడి, ఇచటి మర్యాదలలో కలిసిపోయెను. అతడు కట్టించిన రెసిడెన్సీ భవనమునే తరువాత కోఠీ మహిళా కళాశాలగా విద్యార్థినులు తరములపాటు ఎరుగుదురు. నాడు ఇంగ్లీషువాడు అంగరఖా తొడుగుట వింత కాదు. అధికారము బలపడినకొలది దూరము పెరిగినది. 1830లో, తన ఉద్యోగులు బహిరంగ సమావేశములలో భారతీయ వేషము ధరింపరాదని ఈస్టిండియా కంపెనీ నిషేధించినది. నాటినుండి కోటు చలినుండి కాపాడు ఉడుపుగా మాత్రమే నిలువలేదు. పాలకునికిని పాలితునికిని నడుమ గోడయైనది.

ఆ గోడకు హైదరాబాదు సంస్థానము ఇచ్చిన జవాబు షేర్వానీ. అచ్కను, అంగరఖాల సంప్రదాయమును, ఐరోపా పొడుగుకోటు కత్తిరింపును కలిపి, మెడవరకు గుండీలు పెట్టిన ఆ ఉడుపు 19వ శతాబ్దములో రూపొందినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను (పాలన 1869–1911) దుస్తుల వైభవమునకు పురానీహవేలీలోని ఆయన బట్టల గది నేటికిని నిదర్శనము. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను అంతటి ధనవంతుడై యుండియు సాదా షేర్వానీతోనే కాలము గడపెనని ప్రసిద్ధి. ఉద్యోగులకును, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులకును షేర్వానీయే సామాన్య వేషమైనది. హిందువులు, ముస్లిములు ఉభయులును దానిని తొడిగిరి. ములుగు ఆ రాజ్యములోని భాగమే గనుక, కచేరికి పోవువాడు దానిని దూరమునుండియే గుర్తింపగలిగెడివాడు.

ఇంగ్లీషు కోటునకు స్వదేశపు జవాబైన షేర్వానీయే సామాన్య రైతు కంటికి వేరొక గోడగా కనబడినది. దొరల గడీముందు చెప్పులు విడిచి, పైగుడ్డ తీసి చేతులు కట్టుకొని నిలిచిన కూలికి, కోటు తొడిగిన అధికారి, షేర్వానీ తొడిగిన అధికారి అను భేదము లేదు. 1948లో నిజాము పాలన అంతరించిన తరువాత షేర్వానీ క్రమముగా కార్యాలయములనుండి తొలగినది. నేడది పెండ్లికుమారుని ఒక పూట వేషము. అద్దెకు కూడ దొరకును. అధికారము పోగానే గుడ్డ మరల గుడ్డయైనది.

ఇంతవరకు చెప్పినది ఉడుపు చరిత్ర. ఆ ఉడుపుతో మానగౌరవమును తూచిన లోకము ఇరువురు భారతీయులకు నేర్పిన పాఠము దీనికంటె ముఖ్యమైనది. 1888లో న్యాయశాస్త్రమునకై లండను చేరిన గాంధీ, అచటి బాండ్ వీధిలో పది పౌనులు పెట్టి సాయంకాలపు సూటు కుట్టించుకొనెను. 1893లో దక్షిణాఫ్రికాలో మొదటి తరగతి టిక్కెట్టుతో, బారిస్టరు వేషముతో ప్రయాణము చేయుచుండగా పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో ఆయనను రైలునుండి త్రోసివేసిరి. మేలైన కోటు ఆయనను కాపాడలేదు. 1917లో అమెరికా, ఇంగ్లాండులలో చదివి బరోడాకు వచ్చిన అంబేద్కరు, ఉండుటకు చోటు దొరకక ఒక పార్సీ సత్రములో దిగెను. ఆయన కులము తెలియగానే కర్రలు పట్టుకొని వచ్చినవారు ఆయనను వెడలగొట్టిరి. పాశ్చాత్య విద్యగాని పాశ్చాత్య వేషముగాని ఆయనను కాపాడలేదు.

ఒకే పాఠము నేర్చిన ఆ యిరువురు రెండు దారులు పట్టిరి. గాంధీ 1921 సెప్టెంబరు 22న మధురలో అంగీ విడిచి కొల్లాయి కట్టెను. 1931లో ఆ కొల్లాయితోనే ఇంగ్లాండు రాజప్రాసాదములో అడుగుపెట్టెను. పేదవానికి లేని గుడ్డ తనకు వలదనుట ఆయన భావము. అంబేద్కరు సూటును విడువలేదు. ఏ జాతిజనులకు మంచిగుడ్డ కట్టుటయే నేరమని గ్రామములు శాసించినవో, ఆ జనులలో పుట్టినవాడు సంపూర్ణమైన సూటులో సభలో నిలుచుట ఒక ప్రకటన. 1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహమును సూటు ధరించినదే. పల్లెపల్లెలో నీలపు కోటు తొడిగి పుస్తకము పట్టిన ఆయన ప్రతిమను చూచి, ఇది విదేశి వేషమని ఆక్షేపించువాడు ఆ కోటు అర్థమును గ్రహింపనివాడు.

గాంధీ విడుచుట సత్యమైనచో అంబేద్కరు తొడుగుట అసత్యమా? కాదు. వేషమును విడుచు స్వాతంత్ర్యము, వేషమును ధరించు స్వాతంత్ర్యము ఒకే హక్కునకు రెండు ముఖములు. ఆ యిరువురును తమ వేషమును తామే ఎన్నుకొనిరి. విడువుమని గాని తొడుగుమని గాని పరులు నిర్బంధించినచో, ఆ కొల్లాయియు ఆ కోటును రెండును సంకెలలే యగును.

ఉపాధ్యాయులకు ఈ విషయమున సమీపమైన ఉదాహరణము సర్వేపల్లి రాధాకృష్ణన్. తెలుగు కుటుంబమున పుట్టిన ఆయన 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడు. 1936 నుండి 1952 వరకు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడు. తెల్లని తలపాగ, మెడవరకు గుండీలు పెట్టిన పొడుగుకోటు, తెల్లని ధోవతి ఆయన వేషముగా లోకమునకు పరిచితము. ఆ మూడింటిలో కోటు కుట్టినది, ధోవతి కట్టినది, పాగ చుట్టినది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినముగా జరుపుచున్నారు. ఆ దినమున బడిలో కట్టు చిత్రపటమే, విద్యకు ఒకే వేషము లేదని చెప్పుచున్నది.

ఈ చరిత్రను తెలిసికొని మరల ములుగు దర్జీ దుకాణమునకు వచ్చినచో, టై ఎక్కడ దొరకునని అడిగిన తండ్రి ప్రశ్న వేరుగా వినబడును. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండలు, వానాకాలమున అడవులమీది ఉక్క గల ఈ జిల్లాలో, చలిదేశపు మెడగుడ్డను పసిబాలుని మెడకు బిగించుట ఏ విద్యకు సాధనము? న్యాయవాదుల నల్లకోటు గంభీరమైన సంప్రదాయము. అయినను సుప్రీంకోర్టు, హైకోర్టులు దక్క తక్కిన న్యాయస్థానములలో వేసవియందు ఆ కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములే చెప్పుచున్నవి. పెద్దలకు, అందును న్యాయము పలుకువారికి ఉన్న వెసులుబాటు పిల్లలకు లేకపోవుట విచారకరము.

బడిలో అందరికి ఒకే దుస్తులుండుట ధనిక దరిద్ర భేదమును మరపించునను వాదము కలదు. అది మంచి వాదమే. ఒకే రంగు చొక్కా, ఒకే రంగు లాగు ఆ పనిని చక్కగా చేయును. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఆ దుస్తులు ఉచితముగా అందుచున్నవి. 2024లో తెలంగాణములో వానిని కుట్టు పనిని మహిళా సంఘములకు అప్పగించిరి. ఊరి దారము, ఊరి చేయి, ఊరి బిడ్డ అను మూడును కలిసిన ఏర్పాటది. కాని టై, కోటు చేరగానే ఆ వాదము తలక్రిందులగును. అవి గల బడి గొప్పదనియు, లేని బడి తక్కువదనియు తల్లిదండ్రులు కొలువసాగుదురు. ఒక బడిలోని పిల్లల నడుమ భేదమును దాచిన దుస్తులే రెండు బడుల నడుమ భేదమును చాటును. 1789లో వెర్సాయి వాకిట జరీకిని నలుపునకును నడుమ గీచిన గీతయే ఇచట మరల గీయబడుచున్నది.

ఒక విద్యార్థి పెద్దవాడై, ఉద్యోగపు ప్రశ్నలకు జవాబు చెప్పుటకో, తన సంతోషమునకో సూటు కుట్టించుకొనదలచినచో దానిని ఎగతాళి చేయరాదు. తాడ్వాయి అడవి పల్లెనుండి వచ్చిన కోయ యువకుడు కోటు తొడిగినచో, అతని జాతి వేషమేది అని అడుగు అధికారము ఎవరికిని లేదు. అతడు తన జాతి వేషములోనే సభకు వచ్చినచో, కోటు ఏదని అడుగు అధికారమును ఎవరికిని లేదు. ములుగులో గిరిజన విశ్వవిద్యాలయము ఏర్పడిన ఈ కాలమున, ఈ రెండు వాక్యములును ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగినవి.

తరగతి గదిలో ఈ పాఠము చెప్పుటకు ధనవ్యయము లేదు. ఊరి దర్జీని ఒక పూట బడికి పిలిచి కొలత తీయు విధమును చూపుమనవచ్చును. టేపుతో పిల్లలు ఒకరినొకరు కొలిచి అంకెలు వ్రాసినచో, ఒకే వయసుగల ఇరువురి దేహములును సరిసమానముగా నుండుట అరుదని వారికే తెలియును. అది గణితము. ఉన్ని చలిదేశమున ఏల పుట్టినదో, నూలు తెలుగునేలపై ఏల పుట్టినదో చెప్పినచో భూగోళము. 1666 నాటి అంగీ, 1789 నాటి నలుపు, 1921 నాటి కొల్లాయి వరుసగా చెప్పినచో చరిత్ర. జేబు, పైజామా అను మాటల ప్రయాణము చెప్పినచో భాష. ఆ దర్జీని పిల్లలు ‘సారు’ అని పిలిచినచో అది అన్నిటికంటె మేలైన పాఠము.

మంచి దర్జీ కోటు సరిపోనపుడు మనిషిని నిందింపడు. కుట్టు విప్పి, సుద్దతో మరల గీత గీచి, కోటునే సరిచేయును. మూడున్నర శతాబ్దములుగా సూటు చరిత్ర నేర్పుచున్నదియు, ములుగు దర్జీ ప్రతి జూన్ మాసమున తన టేపుతో చేసి చూపుచున్నదియు ఒకటే. ముందు మనిషి, ఆ తరువాత గుడ్డ. బడి వాకిట నిలిచినవారు ఆ క్రమమును తప్పకుండుటయే కావలసినది.